పాత కంప్యూటర్లలో ఎన్‌వీఎంఈ బూట్ కోసం బయోస్ మార్చే సర్వీసింగ్ మిత్రులకు బహిరంగ లేఖ

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనూ, విజయవాడ, విశాఖపట్నం, వరంగల్, తిరుపతి బజార్లలోనూ కంపెనీలు తీసేసిన కంప్యూటర్లను బాగుచేసి అమ్మే వ్యాపారులకు, వాటిని విప్పి పనిచేసే టెక్నీషియన్లకు,

నమస్కారం.

మూడో తరం డెల్ ఆప్టిప్లెక్స్ 7010, నాలుగో తరం 9020, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ 800 జీ1, లెనోవో థింక్‌సెంటర్ ఎం93పీ లాంటి యంత్రాలు మీ చేతుల మీదుగానే బీటెక్ పిల్లల గదుల్లోకి, మీసేవ కేంద్రాల్లోకి, చిన్న బడుల ల్యాబుల్లోకి వెళ్తున్నాయి. 2012, 2013 నాటి యంత్రాలైనా రోజువారీ పనికి వాటి ప్రాసెసర్ ఇంకా చాలు. (2023లో డెల్ ఇదే 7010 నంబరుతో కొత్త మోడల్ తెచ్చింది. దానికి ఈ లేఖతో పని లేదు.) ఇప్పుడు కొనేవాళ్లు వాటిలో ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారిలో నడిచే వేగమైన డిస్కు) వేసి అందులోంచే విండోస్ బూట్ కావాలని, అంటే మొదలవ్వాలని, అడుగుతున్నారు. యంత్రం ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామైన బయోస్ పాతది కావడంతో అందుకు ఒప్పుకోదు కాబట్టి బయోస్‌నే మార్చి ఇవ్వడం మొదలైంది. ఆ పనిని మేము తప్పుపట్టడం లేదు. సరిగ్గా చేస్తే పదేళ్లు దాటిన యంత్రానికి మరికొన్నేళ్లు ఆయుష్షు పోసినట్టే. చేసే పద్ధతి గురించే ఈ లేఖ.

మా విన్నపం ఇది. ఏ యంత్రం బయోస్ మారుస్తున్నారో ఆ యంత్రంలో బయోస్ ఉండే ఫ్లాష్ చిప్ నుంచే డంప్ (చిప్‌లో ఉన్నదాని నకలు ఫైలు) తీయండి, ఆ డంప్‌లోనే ఎన్‌వీఎంఈ డిస్కును నడిపే డ్రైవర్ చేర్చండి, తిరిగి అదే చిప్‌లో రాయండి. పక్క యంత్రం ఫైలుగానీ, ఎక్కడో దొరికిన రెడీమేడ్ ఫైలుగానీ ఎక్కించకండి. మార్చకముందు తీసిన ఒరిజినల్ డంప్‌ను యంత్రం కొన్నవారి చేతికివ్వండి.

ముందుగా అడ్డంకి ఎక్కడుందో చూద్దాం. ఎన్‌వీఎంఈ ప్రమాణం తొలి వెర్షన్ 2011 మార్చిలో వచ్చింది. ఆ తర్వాత రెండేళ్లలో తయారైన బోర్డులకు అలాంటి డిస్కు బూట్ చేయాల్సిన అవసరం దాదాపు లేదు. అందుకే కంపెనీలు బయోస్‌లో సాటా డిస్కులను చదివే ఏహెచ్‌సీఐ డ్రైవర్ పెట్టి ఊరుకున్నాయి. యంత్రం ఆన్ చేయగానే బయోస్ పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో ఏదో పరికరం ఉందని గుర్తిస్తుంది. దాని క్లాస్ కోడ్ (పరికరం రకం చెప్పే నంబరు) 01 08 02 అని కూడా చదువుతుంది. దాన్ని నడిపే డ్రైవర్ మాత్రం తన దగ్గర లేదు కాబట్టి డిస్కులోని బూట్‌లోడర్ దాకా చేరలేదు. విండోస్‌కు 8.1 నుంచి, లినక్స్ కెర్నల్‌కు 3.3 నుంచి సొంత ఎన్‌వీఎంఈ డ్రైవర్ ఉంది. అందువల్లే సాటా డిస్కు నుంచి విండోస్ బూటయ్యాక అదే ఎన్‌వీఎంఈ డిస్కు డేటా డ్రైవ్‌గా చక్కగా పనిచేస్తుంది, బూట్ మెనూలో మాత్రం కనపడదు.

అంటే లోటు ఒక్క డ్రైవర్‌ది. ఎన్‌వీఎం ఎక్స్‌ప్రెస్ డీఎక్స్ఈ అనే ఈ డ్రైవర్ టియానోకోర్ ప్రాజెక్టు వారి ఈడీకే2 అనే ఓపెన్‌సోర్స్ ఫర్మ్‌వేర్ కోడ్‌లోనే ఉంది. సైజు కొన్ని పదుల కిలోబైట్లకు మించదు. ఇది యూఈఎఫ్ఐ (లెగసీ బయోస్ స్థానంలో వచ్చిన కొత్త తరం బయోస్) డ్రైవర్ కాబట్టి యూఈఎఫ్ఐ ఉన్న బోర్డుల్లోనే, అంటే ఇంటెల్‌లో దాదాపుగా 6 సిరీస్ చిప్‌సెట్ల నుంచి, పనికొస్తుంది. కోర్ 2 డుయో కాలపు లెగసీ బయోస్‌లో దీన్ని చేర్చడానికి చోటే లేదు. 2015లో వచ్చిన శాంసంగ్ 950 ప్రో ఒక మినహాయింపు. ఆ డిస్కు తన బూట్ కోడ్‌ను తనలోనే ఆప్షన్ రోమ్‌గా మోసుకొచ్చింది కాబట్టి చాలా పాత బోర్డుల్లో బయోస్ ముట్టుకోకుండానే బూటవుతుంది. దాని తర్వాతి మోడళ్లలో అది లేదు.

బయోస్ ముట్టుకునే ముందు ఆ కస్టమర్‌కు ఈ పని అవసరమా అన్నది తేల్చండి. దీని మీద మీలో చాలామంది నిమిషం కూడా పెట్టడం లేదని మా అభిప్రాయం. క్యూ77, క్యూ87 చిప్‌సెట్లున్న బోర్డుల్లో సాటా 6 గిగాబిట్ పోర్టులు ఉన్నాయి. సాటా ఎస్‌ఎస్‌డీ అక్కడ సెకనుకు 550 ఎంబీ దాకా చదువుతుంది. ట్యాలీ, బ్రౌజర్, ఆఫీసు పనిచేసేవారికి ఆ వేగానికీ ఎన్‌వీఎంఈ వేగానికీ తేడా చేతికి తెలియదు. అలాంటివారికి సాటా ఎస్‌ఎస్‌డీ వేసి పంపడమే నిజాయితీ. హెచ్61 బోర్డు సంగతి వేరు. దాని చిప్‌సెట్‌లో సాటా 3 గిగాబిట్టే, సెకనుకు 280 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. వీడియో ఎడిటింగ్, వర్చువల్ మెషీన్లు, పెద్ద డేటాబేస్‌లు నడిపేవారికి, కేసులో డిస్కు బిగించే చోటు లేని చిన్న మోడళ్లకు, ఇప్పటికే ఎన్‌వీఎంఈ డిస్కు చేతిలో ఉన్నవారికి ఎన్‌వీఎంఈ అర్థవంతం.

స్లాట్ లెక్క కూడా చూడాలి. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 2.0లో ఒక్కో లేన్‌కు (డేటా దారికి) సెకనుకు 500 ఎంబీ. ఎక్స్1, ఎక్స్4, ఎక్స్16 అంటే ఒకటి, నాలుగు, పదహారు లేన్లు. ఎక్స్1 స్లాట్‌లో వేస్తే అసలు వేగం దాదాపు 400 ఎంబీ, అంటే మంచి సాటా ఎస్‌ఎస్‌డీ కన్నా తక్కువ. చిప్‌సెట్ నుంచి వచ్చే ఎక్స్4 స్లాట్ 2.0లోనే నడుస్తుంది, గరిష్ఠం 2 జీబీ. ప్రాసెసర్‌కు నేరుగా కలిసే ఎక్స్16 స్లాట్‌లో, మూడో తరం ఐ5, ఐ7 ఉంటే 3.0 దొరుకుతుంది. మూడో తరం ఐ3 అయితే ఆ స్లాట్ కూడా 2.0గానే మిగులుతుంది. 7010లో రెండో పొడుగు స్లాట్ చూడ్డానికి ఎక్స్16 అయినా లోపల తీగలు ఎక్స్4కే ఉన్నాయి. గ్రాఫిక్స్ కార్డు ఉన్న యంత్రంలో డిస్కు వెళ్లేది అందులోకే. ఈ సంగతి ముందే చెబితే 3,500 ఎంబీ అని డబ్బా మీద చూసి కొన్న కస్టమర్ 1,600 చూసి మీతో గొడవ పడడు.

అడాప్టర్ కొనేటప్పుడు ఎం కీ (ఎం.2 సాకెట్‌లో గాటు ఉండే చోటును బట్టి పెట్టిన పేరు) ఉన్న ఎక్స్4 కార్డు తీసుకోండి. ఇందులో చిప్ ఏదీ ఉండదు, స్లాట్ తీగలను ఎం.2 సాకెట్‌కు కలపడమే దాని పని. సాటా రకం ఎం.2 డిస్కు, ఎక్కువగా రెండు గాట్లు ఉండే బీ+ఎం కీది, ఈ కార్డులో సాధారణంగా పనిచేయదు. రెండు ఎం.2 సాకెట్లున్న చవక కార్డుల్లో ఒకటి ఎన్‌వీఎంఈకి, రెండోది సాటా కేబుల్‌తో నడిచే సాటా డిస్కుకు. రెండూ ఎన్‌వీఎంఈకే అని అమ్మే కార్డుకు బోర్డులో బైఫర్కేషన్, అంటే ఒక స్లాట్ లేన్లను రెండు పరికరాలకు విడగొట్టే సౌకర్యం, కావాలి. ఈ పాత ఆఫీసు బోర్డుల్లో ఆ సౌకర్యం లేదు కాబట్టి ఒక్క డిస్కే కనిపిస్తుంది.

ఇక అసలు పని. చిప్‌లో ఏముందో తెలిస్తే మా విన్నపం ఎందుకో అర్థమవుతుంది. ఇంటెల్ బోర్డు ఫ్లాష్ చిప్ మొత్తం బయోసే అనుకుంటారు చాలామంది. నిజానికి బయోస్ అందులో ఒక భాగమే. మొదటి 4 కేబీ డిస్క్రిప్టర్, ఏ భాగం ఎక్కడ మొదలవుతుందో, ఎవరు రాయొచ్చో చెప్పే పట్టిక. తర్వాత గిగాబిట్ ఈథర్‌నెట్ భాగం 8 కేబీ, అందులో మొదటి ఆరు బైట్లే ఆ యంత్రం మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో యంత్రాన్ని గుర్తించే నంబరు). తర్వాత మేనేజ్‌మెంట్ ఇంజిన్ (చిప్‌సెట్‌లో విడిగా నడిచే ఇంటెల్ నియంత్రణ వ్యవస్థ), అంటే ఎంఈ భాగం, సాధారణ బోర్డుల్లో 1.5 ఎంబీ, వీప్రో (దూరం నుంచి యంత్రాన్ని నిర్వహించే ఇంటెల్ సౌకర్యం) ఉన్న ఆఫీసు బోర్డుల్లో 5 ఎంబీ వరకు. చివర బయోస్ భాగం. దానిలో సెట్టింగులు, సీరియల్ నంబరు, డెల్ అయితే సర్వీస్ ట్యాగ్, విండోస్ 8తోగానీ ఆ తర్వాతగానీ వచ్చిన యంత్రమైతే విండోస్ ఓఈఎం కీ కూడా ఉంటాయి.

ఒక యంత్రం పూర్తి డంప్‌ను ఇరవై యంత్రాల్లోకి ఎక్కిస్తే ఏమవుతుందో ఇప్పుడు ఊహించండి. ఇరవైకీ ఒకే మ్యాక్ అడ్రస్. ల్యాబులో ఒకే స్విచ్‌కు వాటిని కలిపితే ఐపీ అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ అన్నిటికీ ఒకే ఐపీ ఇస్తుంది, స్విచ్ ఏ పోర్టుకు ప్యాకెట్ పంపాలో తేల్చుకోలేక నెట్ వస్తూ పోతూ ఉంటుంది. కేబుల్ మార్చినా, స్విచ్ మార్చినా పోదు. కారణం చిప్‌లో ఉందని ల్యాబ్ టీచరుకు తట్టే అవకాశం లేదు. ఇంకో యంత్రం ఎంఈ డేటా ఇమడకపోతే ఫ్యాన్ పూర్తి వేగంతో తిరుగుతుంది, ఆన్ చేయగానే ఒకసారి ఆగి మళ్లీ లేస్తుంది. ఎంఈ భాగం పాడైతే చాలా యంత్రాలు సరిగ్గా 30 నిమిషాలకు ఆగిపోతాయి. ఎస్‌ఎంపీఎస్ పోయిందని కొత్తది వేయించుకునే కస్టమర్లు అలాగే పుట్టుకొస్తారు. విండోస్ యాక్టివేషన్ పోతుంది, సర్వీస్ ట్యాగ్ వేరేది చూపిస్తుంది. ఒక్కో డంప్ తీయడానికి పట్టే పది నిమిషాలు మిగుల్చుకోవడానికి ఇన్ని తలనొప్పులు అక్కర్లేదు.

డంప్ తీయడానికి రెండు దారులున్నాయి. చిప్‌కు తీగ తగిలించకుండా చేసేది ఇంటెల్ వారి ఎఫ్‌పీటీ (ఫ్లాష్ ప్రోగ్రామింగ్ టూల్). 6 సిరీస్‌కు ఎంఈ 7, 7 సిరీస్‌కు ఎంఈ 8, 8 సిరీస్‌కు ఎంఈ 9 వెర్షన్ టూల్స్ వాడాలి. ముందు పూర్తి చిప్ డంప్ తీయండి, ఆపై బయోస్ భాగం ఒక్కటే విడిగా తీయండి. మార్చాల్సిందీ తిరిగి రాయాల్సిందీ ఈ రెండోదాన్నే. దాంతో ఎంఈ, మ్యాక్ భాగాలను ఎవరూ ముట్టుకోరు. పూర్తి డంప్ తీసేటప్పుడు ఎర్రర్ 26 వస్తే డిస్క్రిప్టర్ తాళం వేసి ఉందని అర్థం. డెల్ బోర్డు మీద సర్వీస్ మోడ్ జంపర్, హెచ్‌పీ బోర్డు మీద ఎఫ్‌డీఓ అని రాసిన జంపర్ ఉంటాయి. అవి పెట్టి ఆన్ చేస్తే ఆ ఒక్క బూట్‌కు తాళం తెరుచుకుంటుంది. పని కాగానే జంపర్ తీసేయండి. రాసేటప్పుడు ఎర్రర్ 28గానీ 280గానీ వస్తే బయోసే తన భాగానికి రక్షణ పెట్టుకుందని అర్థం. అక్కడ బలవంతం పనికిరాదు, రెండో దారికి వెళ్లండి.

ఆ రెండో దారి ప్రోగ్రామర్, అంటే చిప్‌ను నేరుగా చదివి రాసే పరికరం. సీహెచ్341ఏ, ఎనిమిది కాళ్ల ఎస్ఓఐసీ క్లిప్ చాలు. అయితే బజారులో దొరికే నల్ల బోర్డు సీహెచ్341ఏల్లో చాలావాటికి ఒక లోపం ఉంది. చిప్‌కు వెళ్లే సరఫరా 3.3 వోల్టులే అయినా డేటా కాళ్ల మీద 5 వోల్టులు వస్తాయి. మల్టీమీటర్‌తో డేటా కాళ్లను కొలిచి చూడండి. 5 చూపిస్తే ఆ బోర్డును 3.3కు మార్చాకే వాడండి, లేదంటే చిప్‌నే కాదు చిప్‌సెట్‌నూ ప్రమాదంలో పెట్టినట్టే. కొత్త ల్యాప్‌టాప్‌లలో 1.8 వోల్టుల చిప్‌లు ఉంటాయి, వాటికి విడిగా అడాప్టర్ పెట్టాలి. చిప్ మీద నంబరు చదివి డేటాషీట్ చూడకుండా క్లిప్ తగిలించకండి.

పవర్ కేబుల్ తీసి, సీఆర్2032 బ్యాటరీ తీసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టి, ఆ తర్వాతే క్లిప్ పెట్టండి. ఎర్ర తీగ చిప్ మీద చుక్క ఉన్న ఒకటో కాలికి. ఫ్లాష్‌రోమ్ అనే సాఫ్ట్‌వేర్‌తో మూడుసార్లు చదివి మూడు ఫైళ్ల షా-256 విలువలు (ఫైలుకు వేలిముద్ర లాంటివి) పోల్చండి. మూడూ ఒకటే అయితేనే అది డంప్. వేర్వేరుగా వస్తే క్లిప్ సరిగ్గా పట్టలేదు, లేదా క్లిప్ ఇచ్చే కరెంటును బోర్డులోని మిగతా భాగాలు లాగేసుకుంటున్నాయి. తీగ పొట్టిది వాడండి, కాళ్లు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. అప్పటికీ కుదరకపోతే చిప్ ఊడదీసి చదవడమే మంచిది. ఫైలు సైజు చూడండి: 4 ఎంబీ చిప్‌కు 41,94,304 బైట్లు, 8 ఎంబీకి 83,88,608, 16 ఎంబీకి 1,67,77,216. ఒక్క బైటు తేడా వచ్చినా ఆ ఫైలు పారేయండి. హెక్స్ ఎడిటర్‌లో తెరిస్తే హెక్స్ 10వ స్థానం దగ్గర 5ఏ ఏ5 ఎఫ్0 0ఎఫ్ కనిపించాలి, అది డిస్క్రిప్టర్ గుర్తు. ఫైలు అంతా ఎఫ్ఎఫ్ ఉంటే మీరు చదివింది గాలి.

కొన్ని ఆఫీసు బోర్డుల మీద రెండు చిప్‌లుంటాయి, ఒకటి 8 ఎంబీ, ఇంకొకటి 4. డిస్క్రిప్టర్ గుర్తు ఉన్నది మొదటిది. రెండూ విడివిడిగా చదివి, మొదటిదాని వెనక రెండోదాన్ని బైనరీగా అతికించి, ఆ 12 ఎంబీ ఫైలు మీద పనిచేయాలి. రాసేముందు సరిగ్గా 8 ఎంబీ దగ్గర కోసి ఏ ముక్కను ఆ చిప్‌లో రాయాలి. చిప్‌లు తారుమారు చేస్తే యంత్రం లేవదు, డంప్ ఉంటే మళ్లీ లేపొచ్చు.

డ్రైవర్ చేర్చడానికి బయోస్ ఫైలును విప్పి మార్చే యూఈఎఫ్ఐ టూల్ 0.28 వాడండి. దీని కొత్త తరం ఎన్ఈ వెర్షన్ చూపిస్తుందే గానీ మార్పులు చేయదు. అయితే ఆ ఎన్ఈ వెర్షన్‌ను ముందు ఒకసారి తెరిచి చూడటం తప్పనిసరి. బూట్ గార్డ్ (బయోస్ మారిందేమో ఆన్ కాగానే సరిచూసే ఇంటెల్ రక్షణ) కాపలా కాసే భాగాలను అది రంగులతో చూపిస్తుంది. బూట్ గార్డ్ 2013లో నాలుగో తరంతో వచ్చింది, ముఖ్యంగా బిజినెస్ ల్యాప్‌టాప్‌లలో కనిపిస్తుంది. ఆ కాపలా ఉన్న భాగంలో ఒక్క బైటు మారినా యంత్రం లేవదు. కొన్ని కంపెనీల బయోస్‌లు బూట్ గార్డ్ లేకున్నా తమ సొంత సంతకంతో డీఎక్స్ఈ భాగాన్ని (డ్రైవర్లు ఉండే చోటును) సరిచూస్తాయి, మారితే బీప్‌లు కొట్టి ఆగిపోతాయి. అలాంటివి చూస్తే ఈ పని వదిలేయండి, కింద చెప్పే పెన్‌డ్రైవ్ దారి పట్టండి.

0.28లో డంప్ తెరిచి డీఎక్స్ఈ కోర్ అనే పేరు వెతకండి. అది ఉన్న వాల్యూమ్‌లోనే డ్రైవర్లన్నీ వరుసగా ఉంటాయి, చాలా బోర్డుల్లో ఈ వాల్యూమ్ కుదించిన సెక్షన్ లోపల దాగి ఉంటుంది. ఆ వరుసలో చివరి డీఎక్స్ఈ డ్రైవర్ మీద కుడి క్లిక్ చేసి, దాని తర్వాత చేర్చు అన్న ఆప్షన్‌తో ఎన్‌వీఎంఈ డ్రైవర్ ఎఫ్ఎఫ్ఎస్ ఫైలు (బయోస్‌లో చేర్చే రూపంలోని డ్రైవర్) ఎంచుకోండి. ముందూ తర్వాతా ప్యాడ్ ఫైళ్లను (మాడ్యూళ్ల మధ్య ఖాళీని నింపేవాటిని) పోల్చండి. ఇది చిన్న మాటలా కనిపిస్తుంది కానీ లేవని యంత్రాల్లో చాలావాటికి కారణం ఇదే. అసలు ఫైలులో ఉన్న ప్యాడ్ ఫైలు మాయమైనా, లేని చోట కొత్తది పుట్టినా, ఖచ్చితమైన అడ్రస్‌లో ఉండాల్సిన మాడ్యూల్ పక్కకు జరిగి ఉండొచ్చు. అలా జరిగితే సేవ్ చేయకండి. ఏఎంఐ కంపెనీ ఆప్టియో 4 బయోస్ అయితే ఆ కంపెనీ టూల్ ఎంఎంటూల్ 4.50తో మళ్లీ ప్రయత్నించండి. చోటు చాలడం లేదంటే డ్రైవర్ చిన్న వెర్షన్ వాడండి. చోటు కోసం అక్కర్లేదనిపించిన మాడ్యూళ్లను తీసేయడం మాత్రం వద్దు, ఒకటి ఇంకొకదాని మీద ఆధారపడి ఉంటుంది, ఏది దేనిమీదో పేరు చూసి తెలియదు. సేవ్ చేశాక ఫైలు మళ్లీ తెరిచి డ్రైవర్ ఉందో లేదో, సైజు మొదటిదంత ఉందో లేదో చూడండి.

రాయడం యూపీఎస్ మీదే. ఎఫ్‌పీటీతో రాస్తుంటే కరెంటు పోతే సగం రాసిన చిప్ మిగులుతుంది. ప్రోగ్రామర్‌తో రాశాక ఫ్లాష్‌రోమ్ తనే తిరిగి చదివి పోలుస్తుంది, వెరిఫైడ్ అనే మాట వచ్చేదాకా క్లిప్ కదపకండి. పాత సీఆర్2032 బ్యాటరీ మళ్లీ పెట్టకండి, కొత్తది వేయండి. బ్యాటరీ చచ్చిన యంత్రం కరెంటు పోయిన ప్రతిసారీ సెట్టింగులను ఫ్యాక్టరీ స్థితికి తేవచ్చు. అప్పుడు లెగసీ బూట్ ఆన్ అయిపోతుంది, ఎన్‌వీఎంఈ మళ్లీ బూట్ కాదు, బయోస్ మోడ్ పాడైందని మీ దగ్గరికే వస్తారు.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఒకటి రెండుసార్లు ఆగి లేవొచ్చు, మూడు నిమిషాలు ఓపిక పట్టండి. సెటప్‌లో సీఎస్ఎం (లెగసీ పద్ధతిలో బూట్ చేయించే భాగం) ఆఫ్ చేయండి, లేదా స్టోరేజ్ ఆప్షన్ రోమ్‌ను యూఈఎఫ్ఐకి మార్చండి. డిస్కుల పట్టికలో ఎన్‌వీఎంఈ కనపడలేదని కంగారు పడొద్దు, ఆ పేజీ సాటా పోర్టులనే చూపిస్తుంది. చాలా ఆప్టియో 4 బోర్డుల్లో బూట్ మెనూలో ఇది పాటా ఎస్ఎస్ అనే పేరుతో వస్తుంది. విండోస్ వేసేటప్పుడు మిగతా సాటా డిస్కుల కేబుళ్లు పీకేయండి, లేకపోతే బూట్ ఫైళ్లు పాత హార్డ్ డిస్కులోకి పోతాయి, ఆ డిస్కు తీసిన రోజు యంత్రం బూట్ కాదు. పెన్‌డ్రైవ్‌ను యూఈఎఫ్ఐ పద్ధతిలోనే బూట్ చేయండి, డిస్కు జీపీటీగా (విభాగాల పట్టిక కొత్త పద్ధతిలో) ఉండాలి. వేశాక బూట్ వరుసలో విండోస్ బూట్ మేనేజర్ మొదట ఉండేలా చూడండి.

విండోస్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 (భద్రతా మాడ్యూల్), ఇంటెల్‌లో సుమారుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలి. ఎన్‌వీఎంఈ వేసినంత మాత్రాన మూడో తరం యంత్రం విండోస్ 11 అర్హత పొందదు. అలా చెప్పి అమ్మడం మోసమే. అప్‌డేట్లు కావాలనేవారికి లినక్స్ వేసి చూపించండి, తెలుగు టైపింగ్ సహా చాలా పనులు అందులో జరుగుతాయి.

లినక్స్ వాడేవారికైతే బయోస్ మార్చాల్సిన పనే లేదు. ఎంత పాతదైనా ఒక సాటా డిస్కు మీద 512 ఎంబీ ఈఎస్‌పీ (బూట్‌లోడర్ ఉండే విభాగం), 1 జీబీ బూట్ విభాగం పెట్టి, రూట్ విభాగం ఎన్‌వీఎంఈ మీద వేయండి. కెర్నల్ సాటా నుంచి లోడవుతుంది, అది లేవగానే తన డ్రైవర్‌తో ఎన్‌వీఎంఈని అందుకుంటుంది. విండోస్‌కు ఇలాంటి పనే పెన్‌డ్రైవ్‌తో చేయొచ్చు. ఎఫ్ఏటీ32 పెన్‌డ్రైవ్ మీద రీఫైండ్ అనే బూట్ మేనేజర్ పెట్టి, దాని 64 బిట్ డ్రైవర్ల ఫోల్డరులో అదే ఎన్‌వీఎంఈ డ్రైవర్ ఈఎఫ్ఐ ఫైలుగా వేస్తే, యంత్రం ముందు పెన్‌డ్రైవ్ నుంచి లేచి, డ్రైవర్ లోడ్ చేసుకుని, ఎన్‌వీఎంఈ మీది విండోస్‌ను చూపిస్తుంది. సెక్యూర్ బూట్ ఆఫ్ చేయాలి. లెగసీ బయోస్ ఉన్న పాత యంత్రాలకు క్లోవర్ అనే బూట్‌లోడర్ ఇదే పని చేస్తుంది. కేసు లోపల ఖాళీ యూఎస్‌బీ హెడర్‌కు చిన్న కేబుల్ వేసి పెన్‌డ్రైవ్‌ను లోపలే దాచేస్తే ఎవరూ పొరపాటున పీకరు. మీ షాపులో ప్రోగ్రామర్ లేకపోతే మీరు ఎంచుకోవాల్సిన దారి ఇదే. బయోస్‌కు ఏమీ కాదు, నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసేస్తే యంత్రం మునుపటిలాగే ఉంటుంది.

రెడీమేడ్ మోడ్ ఫైళ్లను ఇంత గట్టిగా వద్దనడానికి ఇంకో కారణం ఉంది. బయోస్‌లోని డ్రైవర్ విండోస్ కన్నా ముందే లేస్తుంది, మామూలు యాంటీవైరస్‌కు అందదు, డిస్కు మార్చి ఫార్మాట్ చేసినా పోదు. 2018 సెప్టెంబర్‌లో ఈసెట్ సంస్థ బయటపెట్టిన లోజాక్స్ అనే మాల్‌వేర్ చేసింది అదే, ఫ్లాష్ చిప్‌లోని డీఎక్స్ఈ వరుసలో తన మాడ్యూల్ ఒకటి చేర్చుకుంది. మనం ఎన్‌వీఎంఈ డ్రైవర్ చేర్చే పద్ధతికీ దానికీ సాంకేతికంగా తేడా లేదు. ఎవరు చేర్చారో, ఏం చేర్చారో తెలియని ఫైలును బ్యాంకు లావాదేవీలు జరిగే మీసేవ యంత్రంలో ఎక్కించడం ఎంత ప్రమాదమో మీకే తెలుస్తుంది. డ్రైవర్ ఎఫ్ఎఫ్ఎస్ కూడా ఈడీకే2 నుంచి కంపైల్ చేసుకున్నదైతే మేలు. లేదంటే మీ షాపులో అందరూ ఒకే ఫైలు వాడండి, దాని షా-256 రాసి పెట్టుకోండి. ఇదే కారణంగా కస్టమర్ డంప్‌ను సలహా కోసం బహిరంగంగా ఎక్కడా పెట్టకండి. అందులో వారి సీరియల్ నంబరు, మ్యాక్ అడ్రస్, విండోస్ కీ ఉన్నాయి.

ఈ-వ్యర్థాల నిర్వహణ నిబంధనలు 2022 ప్రకారం, 2023 ఏప్రిల్ 1 నుంచి రీఫర్బిషర్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో రిజిస్టర్ కావాలి. అంటే చట్టం దృష్టిలో మీ పని ఒక గుర్తింపు పొందిన వృత్తి. ఏ యంత్రంలో ఏం మార్చామన్న రికార్డు ఉంచడం ఆ వృత్తిలో భాగమే.

యంత్రం అప్పగించేటప్పుడు మేము కోరేవి ఇవి. ఒరిజినల్ డంప్, మార్చిన ఫైలు రెండూ చిన్న పెన్‌డ్రైవ్‌లో వేసి, ఒక్కోదాని షా-256 విలువతో సహా ఇవ్వండి. మీ దగ్గర కూడా సర్వీస్ ట్యాగ్ పేరుతో ఒక కాపీ ఉంచుకోండి, అయితే కస్టమర్ ఒప్పుకుంటేనే. క్యాబినెట్ మూత లోపలి వైపు ఒక స్టిక్కర్ అంటించండి. దాని మీద అసలు బయోస్ వెర్షన్, చేర్చిన డ్రైవర్ పేరు, తేదీ, షాపు ఫోన్ నంబరు, పెద్ద అక్షరాల్లో బయోస్ అప్‌డేట్ చేయవద్దు అన్న మాట ఉండాలి. కంపెనీ అప్‌డేట్ యాప్‌గానీ, విండోస్ అప్‌డేట్‌గానీ కొత్త బయోస్ ఎక్కిస్తే మనం చేర్చిన డ్రైవర్ చెరిగిపోతుంది, మర్నాడు యంత్రం ఎన్‌వీఎంఈ నుంచి లేవదు. కంపెనీ అప్‌డేట్ యాప్‌ను మీరే తీసేసి ఇవ్వండి. భద్రతా కారణాలతో అప్‌డేట్ అవసరమైతే, అప్‌డేట్ చేసి, కొత్త డంప్ తీసి, మళ్లీ డ్రైవర్ చేర్చే పనికి మీరు తీసుకునే రేటు ఎంతో బిల్లు మీదే రాసివ్వండి.

ఇట్లు,
పాత కంప్యూటర్ల ఫర్మ్‌వేర్ పని తెలిసిన కొందరు సాంకేతికులం